నడిసముద్రపు దిబ్బకు కావలి



మన పెద్దలు యోగక్షేమములని రెండు మాటలు జంటగా చెప్పుదురు. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని నిలుపుకొనుట క్షేమము. ఈ రెంటిలో మొదటిపని చేసినవారి పేళ్లు చరిత్రమున మెండుగా గానవచ్చును. రాజ్యము గెలిచినవాడును, కోట కట్టించినవాడును, చెరువు త్రవ్వించినవాడును శాసనముల కెక్కిరి. ఆ చెరువుగట్టు తెగకుండ వానకాలమెల్ల రాత్రులు మేల్కొని కాచిన నీరుకట్టువాని పేరు ఱాతిపై చెక్కినవారు లేరు. నేను నేడు చెప్పబోవు చరిత్రము ఈ రెండవ తెగవారిది. ఫిలిప్పీను దీవులకు చెందిన సూలూ సముద్రమున, ఏ యూరివారి కంటికిని ఆననంత దూరమున, టుబ్బతాహా యను పగడపు దిబ్బ యొకటి కలదు. దానిని కొందరు కాపాడుకొనిన తీరు మనబోటి గ్రామస్థులు వినదగినదని నా తలంపు.

పగడమనగానే మనకు నవరత్నములు జ్ఞప్తికి వచ్చును. కుజునకు ప్రీతియైన ఆ యెఱ్ఱని పూస మన యాడువారి మెడలలో మంగళసూత్రముల ప్రక్క నుండునది. సముద్రమున దిబ్బలు కట్టు పగడపు జీవి దానికి దాయాది. పెక్కు జాతులలో ఒక్కొక్క జీవి కందిగింజకన్న పెద్దది కాదు. అది సముద్రపు నీటినుండి సున్నమును తీసికొని తనచుట్టు గూడు కట్టుకొనును. ఒకటి చచ్చినపిదప దాని గూటిపై మఱియొకటి కట్టును. ఇట్లు వేలయేండ్లు జరుగగా నీటిలో కొండయంత కట్టడ మేర్పడును. బండవలె గట్టిగా పెరుగు జాతులు ఏటి కొక సెంటీమీటరుకన్న నెక్కువ యెదుగుట యరుదు. అనగా నిలువెత్తు పగడపు బండ కావలెనన్న నూటయేబది యేండ్లకు పైగా పట్టును. దానిని పగులగొట్టుటకు రెప్పపాటు చాలును. ఈ రెండు కాలముల నడుమ నున్న వ్యత్యాసమే ఈ కథకంతకును మూలము.

టుబ్బతాహా యను పేరు సమాలు అను సముద్రసంచారుల భాషలోనిది. పోటు తీసినపుడు బయటపడు పొడుగాటి దిబ్బ యని దాని కర్థము చెప్పుదురు. ఉత్తరమున నొకటి, దక్షిణమున నొకటి వలయాకారమైన రెండు దిబ్బలు కలవు. నడుమ సుమారు 8 కిలోమీటర్ల వెడల్పుగల లోతైన కాలువ. వీనికి ఉత్తరముగా 20 కిలోమీటర్ల దూరమున జెస్సీ బీజ్లీ యను చిన్న దిబ్బ యున్నది. పలావన్ దీవిలోని ప్వెర్తో ప్రిన్సేసా పట్టణమునకు ఆగ్నేయముగా దాదాపు 150 కిలోమీటర్లు సముద్రమునబడి పోవలెను. రాత్రి ఓడ యెక్కినవారు తెల్లవారుసరికి చేరుదురు. అదియును సంవత్సరములో మార్చి నడుమనుండి జూను నడుమ వఱకు, గాలులు నెమ్మదించిన మూడు నెలలు మాత్రమే. నేను ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను. మా బడిగోడకు వ్రేలాడు ఆసియా పటమున ఈ స్థలమునకు చుక్కయైన లేదు.

పటమునకెక్కని ఆ చోట 360కి పైగా పగడపు జాతులును, సుమారు 600 జాతుల చేపలును, పదింటికి మించిన సొరచేపల తెగలును కలవు. తాబేళ్లు అచ్చట పెరుగును. రెండు చిన్న ఇసుకదీవులపై సముద్రపక్షులు గ్రుడ్లు పెట్టి పిల్లలను చేయును. 1911వ సంవత్సరమున డీన్ వూస్టర్ అను అమెరికా దేశస్థుడు ఆ పక్షుల నివాసమును చూచి వ్రాసియుంచెను. దిబ్బయంచు నూఱు మీటర్ల లోతువఱకు గోడవలె నిట్రముగా దిగియుండుటచేత, నీట మునిగి చూచువారికి అది ప్రాకారమువలె తోచునందురు.

పూర్వము దీనిని కాపాడినది దూరమే. దిబ్బకు మిక్కిలి దగ్గఱ నున్న జనులు కగయన్‌సిల్యో యను చిన్న దీవులవారు. స్పానియార్డులనాటి రాతికోట యొకటి నేటికిని వారి యూర నున్నది. వేసవిలో సముద్రము తేటపడినపుడు వారు తెరచాప పడవలలో టుబ్బతాహాకు పోయి చేపలు పట్టి, పక్షుల గ్రుడ్లేరి, ఎండబెట్టుకొని తెచ్చుకొనెడివారు. తెరచాపకు గాలి యెంత సాయపడునో అంతయే వారి వేట. తక్కిన నెలలలో దిబ్బ తన గాయములను తానే మాన్చుకొనెడిది.

1980 ప్రాంతమునకు ఆ దూరము తగ్గెను. యంత్రపు పడవలు వచ్చెను. వానితో పరప్రాంతములనుండి వచ్చినవారు నీటిలో తోటాలు పేల్చి చేపలను చంపిరి. విలువగల చేపలను ప్రాణముతో పట్టుటకు పగడపు సందులలో సయనైడు విషమును చిమ్మిరి. తోటా యొక్కటి ప్రేలినచోట చేపలతోపాటు వాని యిండ్లును పొడియగును. విషము సోకినచోట చేప మూర్ఛపోవును, పగడము చచ్చును. చెరువులో చేపలకై గట్టును తెగగొట్టుకొనువానికిని వీరికిని భేదమేమి? అయినను గట్టు తెగగొట్టువాడు ఆ యూర నున్నచో పదిమంది పట్టుకొందురు. ఇచ్చట పట్టుకొనుట కెవ్వరును లేరు; చూచుటకును లేరు.

చూచినవారు కొందఱు నీట మునుగు ఈతగాండ్రు. వారును, పలావన్‌లోని ప్రకృతిరక్షకులును మొఱపెట్టగా, 1988వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన అధ్యక్షురాలు కొరజోన్ అకినో 306వ సంఖ్యగల ప్రకటన చేసి, 33,200 హెక్టార్ల ప్రదేశమును జాతీయ సముద్రోద్యానముగా నేర్పరచెను. ఫిలిప్పీను దేశమున నట్టి సముద్రోద్యానములలో నిదియే మొదటిది. ఇక్కడితో కథ ముగిసినదని చాలమంది తలంతురు. నిజమునకు కథ ఇచ్చటనే మొదలైనది.

ఏలయనగా, ప్రకటన కాగితము రాజధానిలో నుండెను. దిబ్బ నడిసముద్రమున నుండెను. కాచువారికి పడవ లేదు, జీతము లేదు. వేటగాండ్రు మునుపటివలెనే వచ్చుచుండిరి. అది చాలదన్నట్లు, ఒక వ్యాపారసంస్థ ఉద్యానములోపలనే సముద్రపు నాచు సాగు మొదలిడి, 1991లో ప్రభుత్వము దానిని తొలగించువఱకు నడపెను. 1993 డిసెంబరులో యునెస్కో సంస్థ టుబ్బతాహాను ప్రపంచ వారసత్వ స్థలముగా నంగీకరించెను. గౌరవము పెరిగినది గాని, గౌరవము గస్తీ తిరుగదు గదా.

1990 దశకపు నడుమ కాలమున అధ్యక్షుడు ఫిడెల్ రామోస్ ప్రభుత్వము దీనికై ప్రత్యేకమైన కార్యసంఘము నేర్పరచెను. నౌకాదళమువారు కావలికి పూనుకొనిరి. ఉత్తరపు దిబ్బలోని ఇసుకతిన్నెపై కావలియిల్లు వెలసెను. నాటినుండి నేటివఱకు పదిపన్నెండుగురు మనుష్యులు అచ్చట నుందురు. వారిలో నౌకాదళపువారు, తీరరక్షకులు, ఉద్యానపు సేవకులు, కగయన్‌సిల్యో గ్రామస్థులు కలరు. రెండేసి మాసములకు వంతులు మారుచుండును. బియ్యము, మంచినీరు సమస్తమును ఓడలో తెచ్చుకొనవలెను. చుట్టును నీరు, పైన నాకాశము, ప్రక్కన పక్షులు. ఇంటిలో పిల్లకు జ్వరమన్నను వంతు ముగియువఱకు ఆగవలసినదే. దిబ్బ చరిత్రమున ప్రకటనకన్న ఈ గృహమునకే నేనెక్కువ విలువ కట్టెదను.

అయినను కావలివాని నుంచినంతమాత్రమున కావలి నిలువదు. ఇది మన గ్రామములకు క్రొత్తవిషయము కాదు. పూర్వము తలారికి, నీరుకట్టువానికి కళ్లములో ధాన్యపు మేర కొలిచి యిచ్చెడివారు. పంట పండినచో వానికిని పండినట్లే. గట్టు తెగినచో వాని కంచమును ఖాళీయగును. కనుకనే వాడు కాచెను. టుబ్బతాహా విషయమున ఈ మేర యెవరిది? న్యాయముగా ఆ దిబ్బ కగయన్‌సిల్యో పురపాలకపు ఎల్లలలోనిది. తాతలనాటినుండి వారు వేసవివేట చేసిన చోటు. 'మీరిక నచ్చటికి పోగూడ'దని రాజధానివారు చెప్పినపుడు, వారికి కలిగిన కష్టమును మనము తేలికగా చూడరాదు. తోటాలు పేల్చినవారు పరులు. వేట మానుకొనవలసినవారు వీరు. ఈ ధర్మసందేహమునకు సమాధానము చెప్పనిచో, కావలివారు ఇద్దఱు శత్రువులతో పోరాడవలసివచ్చును: ఎదుట దొంగలతోను, వెనుక తమ యూరివారితోను.

1999వ సంవత్సరమున అధికారులు, పండితులు, ఈతగాండ్రను తీసికొనిపోవు ఓడలవారు, కగయన్‌సిల్యో ప్రతినిధులు కూడి మాటలాడుకొనిరి. దిబ్బలో ఎవ్వరును, దేనిని, ఏవిధముగను పట్టరాదని నిశ్చయించిరి. 2000 సంవత్సరమునుండి చూడవచ్చు ఈతగాండ్రయొద్ద ప్రవేశపు రుసుము పుచ్చుకొనసాగిరి. ఆ ధనము కావలి ఖర్చులకు పోవును. అందొక భాగము కగయన్‌సిల్యోకు చేరును. ఉద్యానమును నడుపు సభలో ఆ యూరివారికిని చోటు దొరకెను. తమ దీవుల దగ్గఱి నీళ్లలో నాచు పండించుకొనుటకును, తమకంటూ చిన్న రక్షిత స్థలముల నేర్పరచుకొనుటకును వారికి తోడ్పాటు కలిగెను. ఆ భాగము పెద్దదని నేను చెప్పను. తమ సొత్తును తాము కాచుచున్నామను భావము దానివలన కలిగెను, మేరలోని మర్మమదియే.

ఇంకొక ఫలము ప్రకృతి తానై యిచ్చెను. దిబ్బలో పుట్టిన చేపపిల్లలకు ఎల్లలు తెలియవు. నీటి ఒరవడిలో అవి సూలూ సముద్రమంతట వ్యాపించును. 1999కిని 2004కును నడుమ తమ వేట దినమునకు 10 కిలోలనుండి 15, 20 కిలోల వఱకు పెరిగినదని కగయన్‌సిల్యో మత్స్యకారులు తామే చెప్పిరి. విత్తనపు గింజలను వండుకొనని రైతునకు మఱుసటి యేట కలుగు లాభమువంటిది యిది. 2006లో ఉద్యానపు విస్తీర్ణమును 97,030 హెక్టార్లకు పెంచిరి. అనగా మన లెక్కలో రమారమి 2,40,000 ఎకరములు. 2010 ఏప్రిలులో దీనికై ప్రత్యేక చట్టమే చేసిరి. దిబ్బను చెఱచినవాడు ఇంత చెల్లింపవలెనని అందు వ్రాసిరి.

ఇక చట్టమునకు పరీక్ష యెట్లు జరుగును? బీదవానిపై అమలగుట చట్టమునకు గొప్పకాదు. మిత్రునిపై, బలవంతునిపై అమలగునా యనునదియే ప్రశ్న. టుబ్బతాహాకు ఈ పరీక్షలు రెండును వచ్చెను.

మొదటిది మిత్రునివలన. 2005 అక్టోబరు 31న గ్రీన్‌పీస్ అను ప్రకృతిరక్షకసంఘమువారి రెయిన్‌బో వారియర్ ఓడ దిబ్బపై కెక్కి, సుమారు నూఱు చదరపు మీటర్ల పగడమును చెఱచెను. వారు దిబ్బ క్షేమమును విచారించుటకే వచ్చినవారు. తమకు లభించిన పటము సరియైనది కాదనియు వారు చెప్పిరి. ఉద్యానమువారు కొలత వేసి, సుమారు 7,000 డాలర్ల జరిమానా విధించిరి, గ్రీన్‌పీస్‌వారు చెల్లించిరి. మంచివాడు చేసిన నష్టమును నష్టమేనని యిరుపక్షములును ఒప్పుకొనిరి.

రెండవది బలవంతునివలన. 2013 జనవరి 17న అమెరికా నౌకాదళపు గార్డియన్ అను 68 మీటర్ల యుద్ధనౌక దక్షిణపు దిబ్బపై కెక్కి చిక్కుకొనెను. గార్డియన్ అనగా రక్షకుడని యర్థము! కావలివారు రేడియోలో పిలువగా, చెప్పదలచినది తమ రాయబార కార్యాలయమునకు చెప్పుకొనుడని ఓడవారు బదులిచ్చినట్లు అప్పటి ఉద్యానాధికారిణి ఏంజెలిక్ సాంకో తెలిపెను. ఓడలోని యంత్రపటమున దిబ్బ స్థానము దాదాపు 8 నాటికల్ మైళ్లు తప్పుగా నుండెను. కాని కంటికి కనబడుచున్న గుర్తులను ఓడవారు పాటింపకపోవుటయు కారణమేయని అమెరికా నౌకాదళపు విచారణయే తేల్చెను. ఓడ కదలలేదు. లాగినచో పగడము మఱింత చెడునని, దానిని ముక్కలుగా కోసి, మార్చి 30 నాటికి తొలగించిరి. చెడిన నేల 2,345 చదరపు మీటర్లకు పైగా నుండెను. అనగా అరయెకరమునకు మించినది.

కొందఱు పౌరులు న్యాయస్థానమున కెక్కిరి. 2014 సెప్టెంబరులో ఫిలిప్పీను సర్వోన్నత న్యాయస్థానము, పరరాజ్యపు నౌకాదళముపై నిట్టి వ్యాజ్యము నడువదని కొట్టివేసెను. నష్టపరిహారపు సంగతి రెండు ప్రభుత్వములే తేల్చుకొనవలసియుండెను. తుదకు 2015 జనవరిలో అమెరికా దాదాపు 8 కోట్ల 70 లక్షల పెసోలు చెల్లించెను. ఇది సంపూర్ణమైన న్యాయమని నేననను. చట్టము ద్వారము కడకు పోయి ఆగినది. ధనము ప్రక్కదారిని వచ్చినది. అయినను పదిమంది కావలివారు గజముకోలతో కొలిచిన నష్టమును అంత గొప్ప రాజ్యము కాదనలేకపోయినది. నిత్యము అచ్చట నుండి లెక్కలు వ్రాసికొనువారు లేకున్న, మునుపటి స్థితి యెట్లుండెనో, ఎంత చెడెనో చెప్పుటకు సాక్షి యెవడు?

2013 ఏప్రిల్ 8న, యుద్ధనౌక తొలగిన పదిదినములకే, పన్నెండుగురు మనుష్యులతో చైనా వేటపడవ యొకటి ఉత్తరపు దిబ్బపై కెక్కెను. దాని గర్భమున 400 పెట్టెలలో అలుగుల మాంసము దొరకెను. మన యడవులలో నొడలెల్ల పెంకులతో నుండి, తాకినచో ముడుచుకొను ఆ జంతువే. సముద్రపు చేటును, అడవి చేటును ఒక్క పడవలోనే ప్రయాణము చేయుచున్నవని ఆ పెట్టెలు చూపెను. 2014 ఆగస్టులో ఆ పన్నెండుగురికిని చెఱసాల శిక్ష పడెను.

దిబ్బపై కెక్కిన తరువాత పట్టుకొనుటకన్న, దరికి రాకుండ చేయుట మేలు. కనుక 2017లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ టుబ్బతాహాను మిక్కిలి సున్నితమైన సముద్రప్రదేశముగా గుర్తించి, 2018 జనవరి 1వ తేదీనుండి 150 టన్నుల పరిమాణమును, అంతకు మించినదియు గల ఓడలు దానిని తప్పించుకొని పోవలెనని నియమించెను. బడిపటమునకెక్కని దిబ్బ ఇట్లు లోకములోని ఓడలవారి పటములలో హద్దుగీతలతో నిలిచెను.

ఇంతవఱకు విన్నపిదప మీలో నొకరు, 'కావలి యుండగా ఇక భయమేమి?' యని యడుగవచ్చును. భయమున్నది. పగడపు జీవి యొంటిలో కంటికి కానరాని నాచు కాపురముండి, ఎండవెలుగుతో దానికి అన్నము వండి పెట్టును. పగడమునకు రంగును ఆ నాచువలననే. నీరు మితిమీరి వేడెక్కినచో పగడము ఆ నాచును వెడలగొట్టి తెల్లబడును; వేడి తగ్గనిచో ఆకలితో చచ్చును. 1998లో లోకమున పెక్కు సముద్రములతోపాటు టుబ్బతాహాలోను ఇట్లే జరిగెను. తోటాల తాకిడి తగ్గియుండుటచే అది తరువాతి యేండ్లలో కోలుకొనగలిగెను. కాని 2024 ఏప్రిలులో, లోకవ్యాప్తముగా పగడములు తెల్లబడుట నాల్గవమాఱు జరుగుచున్నదని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దెబ్బకును దెబ్బకును నడుమ వ్యవధి తగ్గుచున్నది. బొగ్గును, నూనెను కాల్చుటవలన పుట్టిన ఈ వేడిని ఇసుకతిన్నెమీది పదిమంది ఆపలేరు. రోగి బలముగా నున్నచో జ్వరమునకు తట్టుకొనునట్లు, దిబ్బను ఇతర గాయములు లేకుండ నిలుపుట మాత్రమే వారి చేతనగును. తక్కినది నేలమీద నున్న మనయందఱి పని.

తుదకొక చిన్న సంగతి. వూస్టర్ 1911లో చూచిన పక్షులలో, మొగమున నల్లని ముసుగువంటి గుర్తుగల తెల్లని సముద్రపక్షి యొకటి యుండెను. 1995 పిదప అది టుబ్బతాహాలో కనబడలేదు. ఇక లేదనియే తలచిరి. ఏటేట పక్షులను లెక్కించు వాడుక మాత్రము మానలేదు. 2016లో అట్టి పక్షి యొకటి మరల ఆ దీవిపై వ్రాలెను. ఇరువదియొక్క యేండ్లు లేదు, లేదని వ్రాయుచు వచ్చినవారు ఆ యేడు ఒకటి యని వ్రాసికొనిరి. రాని పంటకై కళ్లము నూడ్చి యుంచిన రైతు వంటివారు వారు. మన యూళ్లలోని చెరువులకును, వాగులకును, గుట్టలకును అట్టి లెక్క వ్రాయువాడొకడు, కాచువాడొకడు, వానికి మేర కొలుచువారు పదిమంది కలరా యని మీరు రచ్చబండ కడ నొకసారి విచారింపుడు. ప్రకటనలు మనకును కొదువలేవు.